డొల్ల దొరికేదాకా

ఆ నగరంలో పెద్ద తోట మధ్యన ఒక ఖాళీ ఇల్లుంది. పగలు దాని మెట్ల మీద కూర్చుని జనం కబుర్లు చెప్పుకుంటారు, పిల్లలు దాగుడుమూతలాడతారు. పొద్దు వాలిందంటే మాత్రం ఆ దారిన కుక్క కూడా పోదంటారు. ఎందుకంటే... లోపల్నించి ఎవరో తడతారు.

ఒకప్పుడు అందులో ఇద్దరు తోటమాలులు ఉండేవాళ్ళట. ఒకడు ప్రాణంగా పెంచిన చెట్టుని చూసి రెండోవాడు ఓర్వలేకపోయాడు. లోపలంతా డొల్ల, గాలొస్తే జనం మీద పడుతుంది అని పైవాళ్ళకి చెప్పి కొట్టించేశాడు. కూలాక చూస్తే మాను రాయిలా గట్టిగా ఉంది! పెంచినవాడు మూట కట్టుకుని వెళ్ళిపోయాడు. అబద్ధమాడినవాడు ఆ రాత్రి నుంచి ఇంట్లో తలుపులు, దూలాలు, మంచం కోళ్ళు తట్టి చూడ్డం మొదలుపెట్టాడు. ఎక్కడో ఒకచోట డొల్ల కనబడితే తన మాట నిజమవుతుందని ఆశ. చచ్చినా మానలేదట. దొరికేదాకా తడుతూనే ఉంటాడట.

చెట్ల గురించి అక్కడ జరిగే సదస్సుకి వచ్చినవాళ్ళకి మెడలో కార్డులు వేస్తున్నావిడ ఈ కథంతా చెప్పి, చీకటి పడ్డాక చుట్టైనా సరే రోడ్డు మీదుగానే హోటలుకి వెళ్ళమంది.

"భయం పాలకుల పెట్టుబడండీ," అన్నాడు నినాదం.

అతని అసలు పేరు ఆఫీసులో ఎవరూ వాడరు. నోరు తెరిస్తే గోడ మీద రాతలా మాట్లాడతాడని అందరూ నినాదం అనే పిలుస్తారు. చెట్లకి వైద్యం చూసే చిన్న ఉద్యోగం. ఊళ్ళో రోడ్డు వెడల్పు చెయ్యాలని ఇంజనీర్లకి బుద్ధి పుట్టిన రోజే రోడ్డు పక్క చెట్లన్నిటికీ ఒక్కసారిగా జబ్బు చేసేది. కాగితం మీద డొల్ల అని రాస్తే చాలు, తెల్లారేసరికి రంపం వచ్చేది. అది చూడలేక నినాదం ఒక పద్ధతి పట్టుకున్నాడు. కొయ్యసుత్తితో రెండు దెబ్బలు గబగబా, కాస్త ఆగి ఒకటి మెల్లగా. మానుకి చెవి ఆనించి వింటే, లోపల గట్టిదో డొల్లో చెట్టే చెబుతుంది. అలా ఇంజనీర్ల చేతే తప్పు ఒప్పించి ఒక వీధి వీధంతా నిలబెట్టాడు.

ఆ విద్య తోడల్లుడికి నేర్పాడు. అక్కచెల్లెళ్ళని చేసుకున్నారు, ఒకే ఆఫీసు, మనవాడే కదా అనుకున్నాడు.

ఇప్పుడు రేపు పొద్దున్న సదస్సు ముందు ఆ విద్య చూపించబోయేది తోడల్లుడు! అది బాగా జరిగితే సొంత ఊళ్ళో కొత్తగా పెట్టే చెట్ల విభాగానికి పెద్ద కూడా అతనే. నినాదాన్ని సాయానికి పంపారు, సంచి మొయ్యడానికన్నమాట. నువ్వు మాట్లాడితే సభ కాస్తా సమ్మె అయిపోతుందయ్యా అన్నాడు పై అధికారి. అత్తగారైతే చిన్నల్లుడు పెద్ద సభలో మాట్లాడుతున్నాడని వీధంతా చెప్పుకుని వచ్చింది. "మీరూ వెళ్తున్నారుగా, చప్పట్లకి మనిషి కావాలి," అంది భార్య, కూర కలుపుతూ, తల ఎత్తకుండానే.

కడుపులో అప్పుడంటుకున్న మంట ఈ ఊరొచ్చాక ఇంకా రాజుకుంది. ఎటు చూసినా పచ్చదనమే. రోడ్డుకి అటూ ఇటూ కొమ్మలు పైన చేతులు కలుపుకున్నాయి. ఒకచోట వేరు అడ్డొచ్చిందని ప్రహరీగోడే వంపు తిరిగి దారిచ్చింది. బస్సు కోసం నిలబడ్డ ముసలాయన మానుకి వీపానించి కునుకు తీస్తున్నాడు. వీళ్ళకెందుకుండాలి? మా పిల్లలు నడినెత్తిన ఎండతో బడికి పోతుంటే వీళ్ళ కుక్కలకి కూడా నీడా? నీడ అందరి హక్కు అని ఎన్ని గోడల మీద రాశాడు తను!

ఆ పచ్చదనం మీద కోపమూ తోడల్లుడి మీద ఏడుపూ కలిసి ముద్దయిపోయాయి. ఏది ఎక్కడ మొదలైందో అతనికే తెలీలేదు.

భోజనాలయ్యాక తోడల్లుడు స్నానానికి వెళ్ళిన సందు చూసి అతని సంచిలోంచి కొయ్యసుత్తి తీశాడు. పిడి మీద అరిగిన చోటు తన బొటనవేలిదే. తన చేత్తో చెక్కిన సుత్తి. దొంగతనం కాదిది, స్వాధీనం చేసుకోవడం అని తనకి తనే చెప్పుకుని, చొక్కా లోపల దోపుకుని బయటపడ్డాడు. జనం సద్దుమణిగేదాకా వీధుల్లో తిరిగి, అప్పుడు తోట దారి పట్టాడు. తోటలో చెరువుంది. రాయి కట్టి ముంచేస్తే రేపు తోడల్లుడు చెట్టుని చేత్తో నిమురుతూ నిలబడతాడు.

చెరువుకి దారి ఆ ఇంటి పక్కనుంచే...

ఆకులు కదలడంలేదు. కప్పలు కూడా నోరు మూసుకున్నాయి. వెన్నెల్లో ఇల్లు కనబడింది, కిటికీలకి చెక్కలు కొట్టి ఉన్నాయి. పక్కనే కొండలాంటి చెట్టు.

టక్‌టక్... టక్.

నినాదం ఉన్నచోటే ఆగిపోయాడు. రెండు గబగబా, ఆగి ఒకటి. తన దెబ్బ. తను కనిపెట్టిన దెబ్బ. సుత్తేమో తన చొక్కాలో ఉంది.

టక్‌టక్... టక్.

చెట్టు మొదట్లో ఒక ఆకారం వంగి మానుకి చెవి ఆనించింది. చేతిలో ఏదో ఎత్తింది... బూటు. ఒక కాలికి బూటుంది, రెండో కాలికి లేదు.

తోడల్లుడు!

నినాదం పొద చాటుకి జరిగాడు. తోడల్లుడు చెట్టుకి నమస్కారం పెట్టి, సభలో నిలబడ్డట్టు నిలబడి, గొంతు సవరించుకున్నాడు.

"ముందుగా ఒక మాట. ఈ పద్ధతి నాది కాదు. మా అన్నయ్యది. నాకు చేతనైంది ఆయన్ని చూసి చెయ్యడమే. అందుకని... ఇక్కణ్ణించి ఆయనే చూపిస్తారు."

చొక్కాలో సుత్తి ఒక్కసారి బండరాయంత బరువెక్కింది. కాళ్ళు వాటంతటవే ముందుకు నడిచాయి.

"అన్నయ్యా, మీరా!" తోడల్లుడు గుండె పట్టుకున్నాడు. "ప్రాణం పోయిందనుకోండి. రేపు చూపించాల్సింది ఈ చెట్టు మీదేనట, పగలు జనం గోలలో వినబడదని ఇప్పుడొచ్చా. తీరా చూస్తే సుత్తి లేదు. సంచంతా దులిపా."

నిజం నాలిక చివరిదాకా వచ్చింది. అక్కడ ఏళ్ళ తరబడి పేరుకున్న మాటలు దానికి దారివ్వలేదు.

"హోటలు మెట్ల దగ్గర పడుంది," అన్నాడు సుత్తి చాపి. "చూసుకోవద్దూ, తమ్ముడూ? ఇద్దామనే వచ్చా."

తోడల్లుడు దాన్ని కళ్ళకద్దుకున్నాడు. అంతలోనే తల వంచి ఆలోచనలో పడ్డాడు.

"అయితే... ఇప్పుడేగా వచ్చారు మీరు?"

"ఇప్పుడే. ఏం?"

"ఇందాకట్నించి నేను కొట్టినప్పుడల్లా ఇంట్లోంచి జవాబొస్తోంది. మన దెబ్బే. మీరే లోపల దాక్కుని ఆట పట్టిస్తున్నారనుకున్నా..."

ఇద్దరూ ఇంటివైపు తిరిగారు. తలుపుకి బయట తాళం. తాళానికి సాలెగూడు.

టక్‌టక్.

తలుపు చెక్క మీద. తర్వాత కిటికీ మీద. తర్వాత మెట్ల మీద, ఇవతల. గడ్డి కదల్లేదు, అడుగు చప్పుడు లేదు. తడుతూ దగ్గరికొస్తోంది.

కాసేపు ఏమీ లేదు.

టక్.

ఒక్కటే. మెల్లగా. నినాదం పక్కటెముకల మీద చల్లగా ఏదో తగిలింది.

తోడల్లుడు కళ్ళు మూసుకుని తల ఓరగా వంచి విన్నాడు, అన్నయ్య నేర్పినట్టే.

"ఎక్కణ్ణించో తెలీట్లేదు గానీ అన్నయ్యా," అన్నాడు గుసగుసగా, "ఇది మాత్రం పూర్తిగా డొల్ల."

ఆ రాత్రి తర్వాత ఆ ఇంట్లో తట్టడం ఎవరూ వినలేదట.