ఒత్తు లేని మెసేజ్

లింగమూర్తి తాపీ నదిలో పడి ఆ గురువారానికి పదకొండు రోజులు. వీపులో రెండు బుల్లెట్లు దిగాక వంతెన మీంచి నీళ్ళలోకి ఒరిగిపోయాడని చూసినవాళ్ళు చెప్పారు. పేరుకే తాపీ గానీ వానాకాలంలో ఆ నది తాపీగా పోదు. శవం దొరకలేదు.

పదకొండో రోజు పోయినవాడి పేరిట పిట్టకు ముద్ద పెట్టాలని సూరత్‌లోని డిండోలిలో ఉండే తెలంగాణ వాళ్ళంతా అతని అక్క సారక్కకి చెప్పారు. ఆమె పెట్టనంది. చంపినవాళ్ళు దర్జాగా తిరుగుతుంటే తన తమ్ముడికి ముద్ద దిగదంది. ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆమె చేతులు జొన్నరొట్టె చరుస్తూనే ఉన్నాయి. పిండి మీద పడే దెబ్బ మాత్రం రోజూ కన్నా గట్టిగా ఉంది.

డిండోలికి సారక్క అంటే మెస్సు. సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పన్నెండు గంటలు నిలబడి వచ్చే సిరిసిల్ల వాళ్ళకి రొట్టె, పచ్చిపులుసు వడ్డించే మనిషి. ఆమె పదహారేళ్ళుగా సీక్రెట్ ఏజెంట్ అనీ, కోడ్ నేమ్ 'తెడ్డు' అనీ, తమ్ముణ్ణి ఆ పనిలోకి తెచ్చింది కూడా తనేననీ ఢిల్లీలో నలుగురికి తప్ప ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం జరీ దారం అమ్మేవాడి వేషంలో ఒకాయన వచ్చి మూల బల్ల దగ్గర కూర్చున్నాడు.

"రొట్టె పొంగిందా?"

"పెనం ఇంకా కాలలే."

కోడ్ సరిపోయింది. వచ్చినాయన చీఫ్ భరద్వాజ్. పచ్చిపులుసు కలుపుకుంటూనే బ్రీఫింగ్ ముగించాడు. రింగ్ రోడ్డు మీద చీరల ఎగుమతి బోర్డు కింద ఒక విదేశీ ముఠా పనిచేస్తోంది. నడిపేవాడి పేరు అడ్రియన్. రింగ్ రోడ్డులో రింగు పెట్టినవాడికి హాస్యం కూడా తెలుసనుకోవాలి. శనివారం మధ్యాహ్నం సరిగ్గా రెండింటికి సూరత్‌లో ఎక్కడో పెద్ద దెబ్బ కొట్టబోతున్నారు, వందల మంది పోతారు. అంతవరకు లింగమూర్తి కనిపెట్టాడు. ఎక్కడ అన్నది కనిపెట్టేలోపు పోయాడు. మిగిలిన సగం ఇక సారక్క పని.

చీఫ్ ఒక కాగితం బల్ల మీదికి జరిపాడు. అది లింగమూర్తి చివరి రిపోర్టు. "అంతా బాగుంది. కంగారు లేదు. భోజనం చేశాను. ధన్యవాదాలు."

సారక్క రెండుసార్లు చదివింది.

"ఇది మా తమ్ముడు రాయలే సార్."

లింగమూర్తికి ఒత్తులు రావు. చిన్నప్పుడు సిరిసిల్లలో సారక్క చెక్కస్కేలుతో వాడి వేళ్ళ మీద కొట్టి మరీ నేర్పింది. ద కి ఒత్తిస్తే ధ రా, బ కి ఒత్తిస్తే భ రా అని. వేళ్ళు వాచాయి గానీ ఒత్తులు రాలేదు. ముప్ఫై నాలుగేళ్ళు వచ్చినా వాడిది బోజనమే, దన్యవాదాలే.

చీఫ్ తేలిగ్గా నవ్వి, అది చాట్‌బాట్ పని అన్నాడు. నెల క్రితం ఢిల్లీ డెస్క్ ఆఫీసర్ మౌక్తిక 'మెరుగు' అనే ఏఐని ప్రవేశపెట్టింది. ఫీల్డ్ రిపోర్టులు దాన్లో వేస్తే తప్పులు దిద్ది, చదివేవాళ్ళ రుచికి తగ్గట్టు రాసిస్తుంది. చీఫ్‌కి చిన్న వాక్యాలు ఇష్టం కాబట్టి చిన్న వాక్యాలే ఇస్తుంది. చెబుతూ చెబుతూ ఆయన చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది.

లింగమూర్తి తప్పుల్నే కోడ్‌గా మార్చింది తనే అని ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది. క్షేమంగా ఉంటే నీకొచ్చినట్టు రాయి, ప్రాణం మీదికొస్తే దొరికిన ప్రతి అక్షరానికీ ఒత్తు పెట్టు అని తనే చెప్పాడు. ఆ సంగతి లింగమూర్తికీ, తనకూ, డెస్క్‌లో మౌక్తికకూ తప్ప తెలియదు.

"దిద్దకముందు ఎట్లున్నదో చూడాలె," అంది సారక్క.

దిద్దకముందుది ఉంటే ఒక్క మౌక్తిక ఫోన్లోనే ఉండాలి.

*

శుక్రవారం పొద్దున మౌక్తిక పరామర్శకు వచ్చింది. చీఫ్ రమ్మన్నాడు కాబట్టి వచ్చింది. ఆకుపచ్చ పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు, పోపు వాసనని కూడా అణిచేసే సెంటు. సాంచెల మనుషులు రొట్టె తుంచడం మర్చిపోయి చూశారు. "సారక్క గారూ, మీ తమ్ముడు నాకు సొంత మనిషి," అని రెండు కన్నీటిబొట్లు రాల్చింది. ఎక్కువా కాదు, తక్కువా కాదు. వాటిని కూడా మెరుగుతో దిద్దించి తెచ్చినట్టున్నాయి.

ఆమె ఫోన్ బల్ల మీద పెట్టింది. సారక్క దాని పక్కన నాలుగు గిన్నెల స్టీలు టిఫిన్ క్యారియర్ పెట్టింది. పై మూడు గిన్నెల్లో కూర, పప్పు, అన్నం. అడుగు గిన్నెలో డిపార్ట్‌మెంట్ వాళ్ళ క్లోనింగ్ యూనిట్. మౌక్తిక సగం రొట్టె తినేసరికి ఆమె ఫోన్ మొత్తం సారక్క ఫోన్లోకి వచ్చేసింది.

మెరుగు చాట్ హిస్టరీలో ఉంది లింగమూర్తి అసలు రాత. "అంథా భాగుంధి. ఖంగారు లేధు. భోఝనం ఛేసిన. ధన్యవాధాలు." దాని కింద మౌక్తిక ఆర్డర్: "తప్పులు దిద్ది, ప్రశాంతమైన ధోరణిలో రాయి." ఒక్కసారి కాదు. మూడు రోజుల్లో మూడు రిపోర్టులు. మూడు రోజులు వాడు ప్రతి అక్షరానికీ ఒత్తు పెట్టి గొంతు చించుకుని అరిచాడు. ఈవిడ మూడుసార్లూ ఆ అరుపుని నున్నగా చెక్కి చీఫ్ బల్ల మీద పెట్టింది. సారక్కకి ఆ క్షణంలో దుఃఖం రాలేదు. మౌక్తిక పీక పిసకాలనిపించింది, అంతే.

హిస్టరీలో ఇంకో ఆర్డర్ ఉంది. "నేనిచ్చిన నలభై మెసేజీలు చదివి ఈ పెద్దమనిషి ధోరణి పట్టుకో. ఒక్క అక్షరం తప్పు పోకూడదు. ఆయన తప్పు సహించడు." ఆ నలభై మెసేజీలు చెరిపేసి ఉన్నాయి. ఎవరో పెద్దమనిషి పేరుతో దొంగ మెసేజ్ వెళ్ళబోతోందని తెలిసింది. ఎవరు, ఎక్కడ అన్నది తెలియలేదు.

మధ్యాహ్నం మళ్ళీ జరీ వేషంలో వచ్చిన చీఫ్ అంతా విని, ఇప్పుడే అరెస్టు చేస్తే అడ్రియన్ జారుకుంటాడన్నాడు. ఇద్దరూ ఒకేచోటికి రావాలి. అదీ రేపు రెండు లోపల. సారక్కకి ఉపాయం తట్టింది. శవం దొరకని మనిషి బతికే ఉండొచ్చు కదా. మా తమ్ముడే రాస్తాడు రమ్మని, అంది. చీఫ్ అనుమానపడ్డాడు. మౌక్తిక నెల రోజులు లింగమూర్తి రాత దిద్దిన మనిషి, ఒక్క మాట తేడా వచ్చినా పసిగడుతుంది. మరి దిద్దడం వచ్చిన యంత్రానికి తప్పు రాయడం రాదా అని సారక్క అడిగింది. అతని మెసేజీలిచ్చి ఇలాగే రాయమంటే రాస్తుందని చీఫ్ చెప్పి వెళ్ళాడు.

సారక్క ఫోన్లో ఉన్న మెరుగు, కాపీ అయి వచ్చిన మౌక్తిక ఖాతాదే. ఎవరి పొయ్యి అయితేనేం ఉడికితే చాలనుకుని, తమ్ముడు తనకు పంపిన రెండు వందల మెసేజీలు అందులో పోసింది. వాడిలా రాయమంది. అది రాసింది: "అక్కా, బాధపడకు. భోజనం చేశాను."

ఒత్తు తియ్యమంది. 'బాద' తప్పు, సరైన రూపం 'బాధ' అని మెరుగు వినయంగా చెప్పింది. మళ్ళీ తియ్యమంది. మళ్ళీ పెట్టింది. ఒకప్పుడు ఒత్తు పెట్టలేదని వేళ్ళు వాయగొట్టిన మనిషి ఇప్పుడు ఒత్తు పెట్టిందని యంత్రాన్ని తిడుతూ కూర్చుంది. చివరికి ఓపిక నశించి టైప్ చేసింది: "ఇగ ఎన్నడు ఒత్తు పెట్టకు. ఎవలు చెప్పినా పెట్టకు. యాదుంచుకో."

"తప్పకుండా. ఎప్పటికీ గుర్తుంచుకుంటాను," అంది మెరుగు. తర్వాత రాసింది: "అక్కా, బాద పడకు. బోజనం చేసిన."

సారక్క ఫోన్ బోర్లా పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని పన్నెండు రోజుల ఏడుపూ అప్పుడు ఏడ్చింది.

సాయంత్రం అయిదింటికి లింగమూర్తి పాత ఛానల్లో డెస్క్‌కి మెసేజ్ వెళ్ళింది. "మేడమ్, బతికే ఉన్న. కాలు విరిగింది. ఉన్ ఏరియాల మూతబడ్డ సాంచెల షెడ్డుల ఉన్న. అడ్రియన్ పోటో తీసిన. బరద్వాజ్ సార్‌కు మీరే చెప్పాలె. రేపు ఒంటి గంటన్నరకు రండి. బయం లేదు." నాలుగు నిమిషాల్లో జవాబొచ్చింది: ఎవరికీ చెప్పకు, నేనే వస్తాను. ఒక్క ఒత్తు కూడా లేదు కాబట్టి అది లింగమూర్తే అని మౌక్తిక నమ్మింది. ఏ కోడ్‌ని అమ్ముకుందో ఆ కోడే ఆమెని బుట్టలో వేసింది.

సారక్క జాగ్రత్తగా తన చాట్ చెరిపేసింది. చాట్ చెరిగినా యంత్రం గుర్తుపెట్టుకున్నది చెరగదని ఆమెకి తెలియదు.

*

సూరత్ శివారు ఉన్‌లో ఆ షెడ్డు పక్కనే నడుస్తున్న సాంచెల హోరుకి తుపాకీ పేలినా వినిపించదు. సారక్క తమ్ముడి చొక్కా, టోపీ వేసుకుని, కాలికి కట్టు కట్టుకుని, గుమ్మానికి వీపు పెట్టి కూర్చుంది. చీఫ్ మనుషులు బయట టెంపోలో బట్టల మూటల మధ్య ఉన్నారు.

ఒకటీ నలభైకి మౌక్తిక వచ్చింది. తన ఫోటో కోసం వెంట వచ్చిన అడ్రియన్ గేటు దగ్గర కార్లోనే ఆగాడు. ఆమె పలకరించలేదు. సైలెన్సర్ పిస్టల్ తీసి వీపులోకి రెండు కాల్చింది, వంతెన మీద కాల్చినట్టే.

ఠంగు, ఠంగుమంది. చొక్కా లోపల, రోజూ వంద రొట్టెలు కాలే దుక్క ఇనుప పెనం కట్టి ఉంది. సారక్క ముందుకు పడి, పడుతూనే దొర్లి, చేతిలో రివాల్వర్‌తో లేచింది. గురి తన మీదికి రాగానే మౌక్తిక పిస్టల్ నేలమీద పడేసింది. వంతెన మీద కాల్చిన చెయ్యి కూడా ఇదేనన్నమాట. ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు వినిపించింది. అడ్రియన్ దొరికాడు, నోరు విప్పడం లేదు, ఆమె ప్రాణాలతో కావాలి, చోటు చెప్పించు.

"ఎక్కడ?" అంది సారక్క.

మౌక్తిక చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. రెండింటికి మెసేజ్ దానంతట అదే వెళుతుందని చెప్పింది. మెరుగే రాస్తుంది, మెరుగే పంపుతుంది, ఆ పెద్దాయన రాశాడని ఆయన భార్య కూడా నమ్ముతుంది. "నన్ను కాల్చుకోండి సారక్క గారూ. చోటు నాతోనే పోతుంది."

రివాల్వర్ మౌక్తిక నుదుటికి ఆనింది. కాల్చాలని సారక్కకి ఎంత ఉందంటే, వేలు ఆమె మాట వినడం మానేసింది. కాలిస్తే వందల మంది పోతారు. కాల్చకపోతే తమ్ముడు రెండోసారి పోయినట్టుంది. ఒకటీ యాభై ఎనిమిది అయింది. దానంతట అదే వెళుతుంది అన్న మాట అప్పుడు చెవిలో మళ్ళీ మోగింది. ఆ మెరుగు తన జేబులో కూడా ఉంది కదా.

ఎడమ చేత్తో ఫోన్ తీసింది. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే వస్తున్నాయి.

"అబ్బాయ్ శరత్, టర్మినల్ బద్రతా అలారం అర్ద గంట ఆపు. బాద్యత నాది. దన్యవాదాలు. రామమోహన్."

సారక్క పైకి చదివింది. టర్మినల్ అంటే హజీరా గ్యాస్ టర్మినల్ అని చీఫ్ ఇయర్‌పీస్‌లో అరిచాడు. అప్పటికే రెండయింది. మెసేజ్ వెళ్ళిపోయింది. చీఫ్ కంట్రోల్ రూమ్‌కి ఫోన్ కొట్టాడు. ఎంగేజ్. మళ్ళీ కొట్టాడు. ఎంగేజ్.

మౌక్తిక మెడ చాచి తెర చూసింది. మొదటిసారి ఆమె మొహంలో రంగు పోయింది.

"దీన్ని ఎవరు పాడుచేశారు?"

సారక్క తెర మీది ఆ నాలుగు తప్పులూ చూసింది. యాదుంచుకో అన్న తన మాట గుర్తొచ్చింది.

"మా తమ్ముడు," అంది.

రెండు దాటి మూడు నిమిషాలకి లైను కలిసింది. టర్మినల్ మేనేజర్ రామమోహన్‌ది రాజమండ్రి. తెలుగువాడికి తెలుగులోనే రాయాలనే మనిషి. షిఫ్ట్ ఇంజనీర్ శరత్ లీవ్ లెటర్‌లో అర్ధ రోజుని 'అర్థ రోజు' అని రాశాడని పోయిన నెలే దాన్ని వెనక్కి కొట్టాడు. అలాంటి మనిషి దగ్గర్నుంచి 'అర్ద గంట' అని రాగానే శరత్ స్విచ్ మీది చెయ్యి తీసి ఫోన్ అందుకున్నాడు. సార్, మీకు ఒంట్లో బాగుందా అని అడిగాడు. ఆ ఫోనే చీఫ్‌కి ఎంగేజ్ వచ్చింది. అలారం ఆగలేదు. వాల్వ్ విప్పబోయిన ఇద్దరు దొంగ కాంట్రాక్టర్లు అలారం మోతకే దొరికిపోయారు. ఆ షిఫ్టులో మూడు వందల మంది ఉన్నారు.

ప్రాణాలతో కావాలని చీఫ్ మళ్ళీ గుర్తుచేశాడు. ప్రాణాలతోనే ఇస్తానంది సారక్క. రివాల్వర్ పక్కన పెట్టి, వీపు మీది పెనం విప్పింది. ఒక్కటే దెబ్బ, మౌక్తిక కుడి మణికట్టు మీద. సాంచెల హోరులో కూడా ఎముక విరిగిన చప్పుడు వినిపించింది.

"ఈ చేత్తోనే కదా మా తమ్ముని రాత దిద్దినవ్. ఇగ నీ వాంగ్మూలం మెరుగుకు చెప్పి రాయించుకో."

ఆదివారం పొద్దున సారక్క మెస్సు మిద్దె మీద పిట్టకు ముద్ద పెట్టింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు, వాడికిష్టమైన ఎల్లిపాయ కారం. పిట్ట ఎంతోసేపు బెట్టు చేయలేదు.

సోమవారం చీఫ్‌కి రిపోర్టు ఇచ్చింది, చేత్తో రాసి. ఆయన మొదటి లైన్ దగ్గరే ఎర్ర పెన్ను తీశాడు. 'బరద్వాజ్ సార్‌కు' అని ఉంది. నా పేరులో ఒత్తు ఏదమ్మా, ఒకసారి మెరుగుతో దిద్దించాల్సింది అన్నాడు.

సారక్క ఆయన పళ్ళెంలో ఇంకో రొట్టె వేసింది.

"దిద్దదు సార్. అది మా తమ్ముని దగ్గర సదువుకున్నది."