ఆకుపచ్చ జట్టు ఎందుకు కదల్లేదు

లోపల తుపాకులు మోగుతుంటే, తలుపు బయట నిలబడ్డ నలుగురు సిపాయిలు ఎందుకు కదలరు?

ఆ కంప్యూటర్ ఆట కొనుక్కున్న ప్రతి ఒక్కరూ దాన్ని తయారుచేసిన వాళ్లను ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న అడిగారు. జవాబు రాలేదు. ఆ కంపెనీ మూతపడింది. ఆడినవాళ్లు ఉద్యోగాల్లో, సంసారాల్లో పడిపోయారు. నలుగురు సిపాయిలు మాత్రం ఇప్పటికీ ఆ తలుపు దగ్గరే ఉన్నారు. చేతుల్లో ఆయుధాలు, ముఖాల్లో మహా ప్రశాంతత.

"రండ్రా! చెవుడా మీకు? లోపల బాబాయి చచ్చిపోతున్నాడు!"

అరిచింది ఆర్కిటెక్టు ఆఫీసులో ఇళ్ల ప్లాన్లు గీసే అమ్మాయి. దేన్ని చూసినా ముందు కొలిచి, తరవాత మాట్లాడుతుంది కనుక ఆఫీసులో ఆమెకు స్కేలు అని పేరు పెట్టారు. పెట్టినవాళ్లు వెక్కిరింపుగా పెట్టారు. ఆమె దాన్ని ప్రశంసగానే తీసుకుంది.

వంటింట్లోంచి తల్లి తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది. "ఏ బాబాయే? ఏమయిందే?"

"ఆటలో బాబాయి అమ్మా."

"ఆదివారం పూట అవేం మాటలే? ఈ ఇంట్లో ఒక చావు చాలలేదా నీకు?"

స్కేలు తెరవైపు తిరిగింది. తండ్రి పోయి ఏడాది దాటింది. అప్పటినుంచి తల్లీకూతుళ్లు అవసరానికి మించి ఒక్క మాట కూడా ఖర్చు పెట్టడం లేదు. తల్లి చేతులు తుడుచుకుంటూ వెనక్కి వెళ్లింది. తెర మీద బాబాయి నిజంగానే చచ్చిపోయాడు.

అది పాతకాలపు ఆట. ఇప్పటి ఆటల్లో తూటా తగిలినవాడు గోడ చాటున కాసేపు ఊపిరి పీల్చుకుంటే లేచి తిరుగుతాడు. ఇందులో ఒక్క తూటాకే మనిషి పోతాడు. పోయినవాడు తరవాతి మిషన్లో కూడా కనబడడు. మధ్యలో సేవ్ చేసుకునే వీల్లేదు. దొంగలు పట్టుకున్న బందీలను బయటికి తెచ్చేలోగా ఒక్క అడుగు తప్పితే మళ్లీ మొదటినుంచి మొదలు. దానికి తోడు, కాల్పులకు ముందు భవనం ప్లాన్ తెర మీద పరుచుకుంటుంది. ఎరుపు జట్టు ఏ దారిన వెళ్లాలో, ఆకుపచ్చ జట్టు ఏ తలుపు దగ్గర ఆగాలో గీసి చూపించాలి. ఆగమన్న జట్టు, మనం బటన్ నొక్కి సంకేతం ఇచ్చేదాకా ఆగుతుంది.

కంప్యూటరే నడిపించే ఆ సిపాయిల తెలివి గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మర్యాద. గుమ్మంలో అడ్డంగా నిలబడి తాను కదలకుండా, ఎవరినీ కదలనివ్వకుండా ఉండేవాడికి బాబాయి అని పేరు. స్కేలు సొంత బాబాయి పెళ్లిళ్లలో సరిగ్గా అలాగే నిలబడతాడు. మెట్లు పక్కనే ఉన్నా గోడకేసి నడుస్తూ ఉండేవాడు గుమాస్తా. బాంబు విసరమంటే తలుపు చెక్కకేసి కొట్టి, అది తిరిగొచ్చి తన కాళ్ల దగ్గర పడితే దాన్ని తదేకంగా చూసేవాడు మేధావి.

ఈ పేర్లు ఆమె ఒక్కతే పెట్టలేదు.

మూడేళ్ల కిందట ఒక వానపొద్దున స్కేలు తన పాత కంప్యూటర్‌కి రెయిన్‌కోటు తొడిగి, తాను నిలువునా తడుస్తూ, ఒక రిపేరు షాపు మెట్లెక్కింది. షాపతను పెట్టెను చూశాడు, ఆమెను చూశాడు, మళ్లీ పెట్టెను చూశాడు.

"రెయిన్‌కోటు తప్పు మనిషికి తొడిగారేమోనండీ."

"నాకు జలుబొస్తే తగ్గుతుంది. దానికొస్తే తగ్గదు. ఇందులో ఒక ఆట ఆడాలి. నడవడం లేదు."

అతను ఆట పేరు విని పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. "ఇది ఇంకా ఆడేవాళ్లున్నారా? మా అన్నయ్య కాలేజీలో ఉన్నప్పుడు ఆడేవాడు!"

"అయితే మీ అన్నయ్యనే పిలవండి. ఆయనకే తెలుస్తుంది."

నవ్వు సగంలో ఆగిపోయింది. పౌరుషం కొద్దీ ప్లగ్గు పెట్టాడు. టప్పుమని శబ్దం. షాపులో దీపాలు, పక్కనున్న జిరాక్సు షాపులో దీపాలు, అన్నీ ఒక్కసారే పోయాయి. చీకట్లోంచి జిరాక్సు ఆయన గొంతు వినబడింది. "మళ్లీ నువ్వేనా?"

"ఇది రిపేరు షాపేనా," అంది స్కేలు, "లేక రిపేరు కావలసిన షాపా?"

ఆ రోజునుంచి అతను ఆమెకు ఫ్యూజు. ఆట నడిపించాడు. నడిచిందో లేదో చూడాలి కదా అని ఒక మిషన్ కలిసి ఆడాడు. ఓడిపోయారు కనుక ఇంకొకటి ఆడారు. అలా ఆఫీసు వదిలాక సాయంత్రాలన్నీ ఆ షాపులో రెండు పాత కంప్యూటర్ల ముందు గడిచిపోసాగాయి. ప్లాన్ ఆమెది, ఆకుపచ్చ జట్టు అతనిది.

"ఈ భవనంలో బాత్రూమ్ తలుపు మెట్ల మీదికి తెరుచుకుంటోంది," అనేది స్కేలు. "దొంగల సంగతి తరవాత. ముందు దీన్ని గీసినవాణ్ణి కాల్చాలి."

"మేడమ్, బందీలు ఎదురుచూస్తున్నారు."

"చూడనీ. ఈ మెట్లు దిగితే వాళ్ల మోకాళ్లెలాగూ పోతాయి."

ఆఫీసులో వాళ్లతో కూడా ఆమె ఆ ఆట ఆడింది. వాళ్లలో ఒక్కడు కూడా ఆగలేడు. సంకేతం ఇవ్వకముందే వీరుల్లా లోపలికి దూకి, వీరుల్లా చచ్చి, ఆమె ప్లాన్‌ను బూడిద చేసేవాళ్లు. ఫ్యూజు అలా కాదు. ఆగు అంటే ఆగేవాడు. "నువ్వు చెప్పావా? చెప్పలేదు. నేనెందుకు కదులుతాను?" అనేవాడు. అందరూ మగవాడి దూకుడు చూసి మనసు పారేసుకుంటారు. స్కేలు ఒక మనిషి ఆగగలగడం చూసి పారేసుకుంది. అందులో తప్పేమీ లేదు. తప్పు ఆ తరవాత జరిగింది.

ఒకరోజు ఆట మధ్యలో, తెర మీదనుంచి చూపు తిప్పకుండానే అతనన్నాడు. "మీ ఇంటికొచ్చి మీ నాన్నగారితో మాట్లాడనా?"

ఆమె చేతిలోంచి మౌస్ జారింది. ఎరుపు జట్టు మొత్తం పోయింది. ఇద్దరికీ పట్టలేదు.

ప్లాన్ గీసే మెదడు కనుక అది వెంటనే గీయడం మొదలుపెట్టింది. బాబాయి తెచ్చిన సంబంధం ముందు తప్పించాలి. తరవాత అమ్మ మనసు మెత్తబరచాలి. నాన్న చివర. ఒక్క అడుగు ముందూ వెనకా కాకూడదు.

"నేను చెప్పేదాకా ఆగు," అంది. "ఇంటివైపు రాకు. ఫోన్ కూడా చేయకు. మధ్యలో ఎవరికైనా అనుమానమొస్తే అంతా పాడవుతుంది."

"సరే," అన్నాడు ఫ్యూజు. ఆ సరే విని ఆమె ఇంటిదాకా నవ్వుకుంటూ నడిచింది.

ఆ నవ్వును తండ్రి చూశారు. "ఆ కంప్యూటర్ల అబ్బాయిని ఒకసారి తీసుకురామ్మా."

"ఎవరు నాన్నా?"

"నాకు తెలీదనుకున్నావా? పోనీలే. తీసుకురా, చూస్తాను."

"తెస్తాను నాన్నా. కాస్త ఆగు."

ఆయన మళ్లీ అడిగారు. ఆమె మళ్లీ ఆగమంది. ప్లాన్‌లో నాన్న వంతు ఇంకా రాలేదు మరి. ఆయన మాత్రం ఆగలేదు. పేపరు చదువుతూ కుర్చీలోనే, ఎవరినీ పిలవకుండా వెళ్లిపోయారు.

ఇల్లు జనంతో నిండింది. బాబాయి గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్లందరికీ కథంతా చెప్పాడు. రావలసిన ఒక్క మనిషి రాలేదు. ఆ రోజు రాలేదు, ఆ నెలలో రాలేదు. ఒక్క ఫోన్ లేదు. పీకల్లోతు దుఃఖంలో ఉన్న మనిషి న్యాయం చెప్పకూడదు. స్కేలు చెప్పేసింది. చావుకు రాని మనిషి దేనికీ అక్కర్లేదని తీర్పు రాసుకుని, ఆ తీర్పు కిందే ఏడాది బతికింది.

అటకెక్కించిన కంప్యూటర్‌ను ఆమె మళ్లీ దించింది ఆడాలని మనసై కాదు, వేరే ఏ పనికీ మనసు లేక. ఈసారి ఆకుపచ్చ జట్టును నడిపే మనిషి లేడు. చివరి మిషన్ దగ్గర ఆట ఆగిపోయింది. గుమాస్తా గోడను ప్రేమించాడు. మేధావి తన బాంబుతో తనే పోయాడు. ఒకసారి బందీని గుమ్మందాకా తెచ్చాక బాబాయి అడ్డంగా నిలబడ్డాడు. వారాలకు వారాలు అదే భవనం, అదే మెట్లు, అదే చావు.

"ఈ వయసులో పిల్లల్ని ఆడించాలిగానీ ఆటలాడతారా?" అన్నాడు అసలు బాబాయి ఒకరోజు వచ్చి. మ్యాచ్ ఉన్న రోజున ఆయన టీవీ ముందునుంచి భోజనానికి కూడా లేవడు. ఆయన వయసెంతని ఈ ఇంట్లో ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ఆ ఆదివారం, తెర మీద బాబాయి పోయాక, ఎరుపు జట్టులో మిగిలింది ఆమె ఒక్కతే. రెండు క్షణాల్లో తనూ పోయింది. ఆ ఆటలో మనం పోతే, బతికున్నవాళ్ల వెనక్కి వెళ్లి వాళ్ల చూపుతో చూడమంటుంది. మామూలుగా ఆమె అక్కడ ఆట ఆపేసేది. ఆ రోజు ఆపడానికి కూడా ఓపిక లేక చూస్తూ కూర్చుంది.

ఆకుపచ్చ జట్టుకు కనబడుతున్నది ఒక మూసిన తలుపు. అంతే. లోపలి చప్పుళ్లన్నీ వినబడుతున్నాయి. ముందు నిలబడ్డవాడి చేయి తలుపు గొళ్లెం మీదే ఉంది.

వాళ్లు చెవిటివాళ్లు కారు. పిరికివాళ్లూ కారు. ఆగమని గీత గీసింది ఎవరు? ముందు గదంతా తనే చక్కబెట్టి, అప్పుడు పిలుద్దామని సంకేతం నొక్కకుండా ఉన్నది ఎవరు?

ఫోన్ కూడా చేయకు, అని తన గొంతు తనకే వినబడింది. స్కేలు కుర్చీలోంచి లేచింది. 

మర్నాడు వెళ్లి చూస్తే, ఫ్యూజు షాపు ఉన్నచోట చెప్పులు అమ్ముతున్నారు. జిరాక్సు ఆయన ఆమెను గుర్తుపట్టాడు. "అతను వెళ్లాక మాకు కరెంటు పోవడమే లేదమ్మా," అని, రైల్వే గేటు అవతల ఫోన్లు బాగుచేసే చోటు చెప్పాడు.

ఫ్యూజు సన్నబడ్డాడు. ఆమెను చూసి చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే పట్టుకుని లేచాడు.

"మా నాన్న పోయారని తెలుసా నీకు?"

"తెలుసు."

"మరి?"

"వచ్చాను. మీ ఎదురింటి గోడ పక్కన నిలబడ్డాను. నువ్వు రెండుసార్లు గేటుదాకా వచ్చి వెళ్లావు."

"నీకోసమే వచ్చాను గేటుదాకా!"

"నన్ను చూస్తే పిలుస్తావనుకున్నాను."

"చావింటికి ఎవరైనా పిలుస్తారా? బుద్ధుందా నీకు?"

"ఆగమన్నావు కదా."

"ఆగమంటే, లోపల మనిషి పోయినా ఆగడమేనా?"

"చెప్పకముందే లోపలికొచ్చినవాళ్లను నువ్వేమని తిట్టేదానివో విన్నవాణ్ణి నేను. ఒక్కొక్కణ్ణీ పేరుపేరునా తిట్టావు."

 ఆమె అడగవలసింది ఇంకా ఉంది. "పోనీ, ఆర్నెల్లయ్యాక?"

"అప్పటికీ నువ్వు చెప్పలేదంటే, నేను ప్లాన్‌లో లేననుకున్నాను."

"నాన్న నిన్ను చూడాలన్నారు," అంది స్కేలు. "మళ్లీ మళ్లీ అడిగారు. నేనే ఆగమన్నాను."

అతను స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టాడు.  ఆ మిషన్‌ను మొదటినుంచి ఆడే వీలు ఎవరికీ లేదని ఇద్దరికీ తెలుసు. 

చివరికి ఆమే అంది. "రా. మా ఇంటికి. ఇప్పుడే."

"మీ అమ్మగారు?"

"తిడుతుంది."

"మీ బాబాయి?"

"ఉంటే గుమ్మంలోనే ఉంటాడు."

"ప్లాన్ ఏమిటి?"

"ఏమీ లేదు."

బాబాయి లేడు. తలుపు తీసింది తల్లి. అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, కూతురి వైపు తిరిగింది. "చావుకు రాని మనిషి ఇప్పుడెందుకొచ్చాడే?"

"రావద్దన్నది నేనమ్మా. ఇప్పుడు రమ్మన్నదీ నేనే."

"నువ్వు రమ్మంటే వస్తాడు, వద్దంటే మానేస్తాడు. తనకంటూ ఒక మనసు లేదా ఇతనికి?"

ఏడాదిలో ఆ ఇంట్లో పలికిన మాటల్లో అంత సరైనది ఇంకొకటి లేదు. ఫ్యూజు తల వంచుకున్నాడు.

తల్లి గొంతు తగ్గింది. "ఆయన అడిగేవారు బాబూ. ఆ అబ్బాయి వస్తే నా రేడియో చూపించాలి, గరగరమంటోంది అనేవారు. రేడియో ఒక వంక. నిన్ను కూర్చోబెట్టి మాట్లాడాలని."

ఆవిడ కూర్చోమనలేదు. పొమ్మని కూడా అనలేదు. స్కేలు నోరు తెరవబోయి, పళ్ల బిగువున ఊరుకుంది.

ఫ్యూజు ఇద్దరి మొహాలూ చూశాడు. ఎవరూ ఏమీ చెప్పడం లేదు. చెప్పులు విడిచి లోపలికి నడిచాడు. కిటికీ దగ్గర దుమ్ము పట్టి ఉన్న రేడియో తీసుకుని, నేల మీద కూర్చుని, జేబులోని చిన్న స్క్రూడ్రైవర్‌తో దాని వెనక మూత విప్పాడు. చాలాసేపు తంటాలు పడ్డాడు. అది పలకలేదు.

"లోపల ఒక పార్టు పోయిందండీ," అన్నాడు. "ఇప్పుడవి తయారవడం లేదు."

"దొరకదా?" అంది తల్లి.

"దొరక్కపోవచ్చు. వెతుకుతాను. రేపు మళ్లీ వస్తాను."

అతన్ని రేపు రమ్మని ఎవరూ అనలేదు. తల్లి మొహం పక్కకు తిప్పుకుని, పమిటచెంగుతో కిటికీ గట్టు మీది దుమ్ము తుడవసాగింది. స్కేలు గోడకు జారగిలబడి, తండ్రి పోయాక మొదటిసారి, శబ్దంతో ఏడ్చింది.

చదువుతున్న మీరు ఎవరినైనా అలా ఆగమని నిలబెట్టి, మీ పనుల్లో మీరు పడిపోయారా? అయితే ఈ కథ బాగుందా లేదా అని ఆలోచించడం మానండి. లేచి వెళ్లి ఆ మనిషికి మాట చెప్పండి. రమ్మనైనా చెప్పండి, పొమ్మనైనా చెప్పండి. ఇవాళే చెప్పండి.