కాజా పేజీకి రుజువు

"ఇది నువ్వు రాసిందేనా?" అని అడిగింది ఆ అమ్మాయి, దొంగసొమ్ము పట్టుకున్నట్టు నా స్క్రీన్ వైపు చూస్తూ.

"పైన నా పేరుంది కదా."

"పేరు నీదే. మాటలెవరివి?"

పదో తరగతిలో మా అందరి చేతా డిజిటల్ పోర్ట్‌ఫోలియో చేయించారు. ఏడాదిలో నేర్చుకున్న ఒక్కో పనికి ఒక్కో పేజీ. పేజీలో మూడు గళ్ళు: ఏం నేర్చుకున్నావు, దానికి రుజువేది, నేర్చుకుంటుంటే ఏమనిపించింది. రాసిన పేజీని ముందు పార్ట్‌నర్ చదివి 'ఓకే' నొక్కాలి. అప్పుడే అది కంప్యూటర్ మాస్టారికి చేరుతుంది. ఆయన్ని మేం సేవ్ సార్ అనేవాళ్ళం. నమస్కారం పెట్టినా "సేవ్ చేశావా?" అనే అడిగేవారు పాపం.

నా ఖర్మకాలి నాకు పార్ట్‌నర్‌గా పడింది ఈ ఇన్‌స్పెక్టరమ్మ. ఆ పేరు నేనే పెట్టాను.

"'నాయకత్వం వల్ల నాలో ఆత్మవిశ్వాసం పెరిగింది' అట! ఎవరికి బాబూ నువ్వు నాయకుడివి? నీ కిటికీ దగ్గర వాలే కాకులకా?"

"అందరూ అలాగే రాశారు."

"అందరికీ నేను పార్ట్‌నర్ని కాదుగా."

'మళ్ళీ రాయి' అని టైప్ చేసి తిప్పి పంపింది. టీమ్‌వర్క్ గురించి రాశాను. మళ్ళీ రాయి. క్రమశిక్షణ గురించి రాశాను. దానికైతే మళ్ళీ రాయి పక్కన నవ్వే బొమ్మ కూడా పెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అసలు నీకేం కావాలి?" అని అడిగేశాను ఓ రోజు.

ఆమె నా మాట పట్టించుకోలేదు. కీబోర్డు మీదున్న నా చెయ్యి చూస్తోంది. "ఆ వేలికేమైంది? ఎప్పుడు చూసినా గుచ్చుకున్నట్టు చుక్కలుంటాయి."

చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాను. మా అమ్మ టైలరు. బడి అయ్యాక షాపులో కూర్చుని చొక్కాలకు కాజాలు కుట్టడం నా పని. ఆ సంగతి తెలిస్తే క్లాసంతా నన్ను ఏడిపించుకు తింటుందని నా భయం.

"సూది," అన్నాను గొణుగుతూ. "కాజాలు కుడతాను."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుంది. "అంటే బొత్తాం దూరే కన్నమా? అది చేత్తో కుడతారా? ఎలా?"

మర్నాడు సాయంత్రం రుజువు వీడియో తీస్తానంటూ వానలో తడిసి ముద్దై షాపుకొచ్చింది. వాళ్ళమ్మ ఫోన్ మాత్రం ప్లాస్టిక్ కవరులో భద్రంగా ఉంది. మా అమ్మ మిషన్ ఆపేసి, తువ్వాలిచ్చి, తన స్టూలు వేసింది. కన్నకొడుకుని, నాకు ఏనాడూ ఆ స్టూలు ఇవ్వలేదు.

"వాడి వేళ్ళు కనబడేలా తియ్యమ్మా. ముఖంలో చూడ్డానికేముంది?" అంది అమ్మ.

నేను కుట్టాను. గుడ్డ మీద చిన్న గాటు, దాని అంచు వెంట దారం, ప్రతి కుట్టుకీ ఓ చిన్న ముడి. ముడులన్నీ ఒక్క వరసలో పడాలి. ఆమె ఊపిరి బిగబట్టి ఫోన్ పట్టుకుంది.

ఇంటికెళ్ళి పేజీ రాశాను. 'ముడి వదులైతే అంచు పీచు లేస్తుంది. మరీ లాగితే గుడ్డ ముడుచుకుంటుంది. ఎంత లాగాలో అమ్మ చెప్పలేకపోయింది, నా వేలికే తెలిసింది. నా మొదటి కాజా ఉన్న చొక్కా వేసుకుని ఒకాయన వీధిలో వెళ్తుంటే, ఆ మలుపు దాకా ఆయన వెనకే నడిచాను.'

'ఓకే' వచ్చింది. సేవ్ సార్ అయితే మార్కుల పక్కన 'రుజువు బ్రహ్మాండం' అని రాశారు. నేను పొంగిపోయాను. వీడియో మాత్రం తెరవలేదు. నా ముఖం నేను తెర మీద చూసుకోవాలంటే అప్పుడూ ఇప్పుడూ నాకు చచ్చేంత సిగ్గు.

ఆ ఏడాది గుర్తొస్తే ఇప్పటికీ మా కంప్యూటర్ గది వాసనొస్తుంది. వేడెక్కిన ప్లాస్టిక్, తడి గొడుగులు. గరగరలాడే ఫ్యాను కింద ఆమె నన్ను తిడుతూ ఉండేది, నేను తప్పు మీద తప్పు రాస్తూ ఉండేవాణ్ణి. కొన్ని కావాలనే రాసేవాణ్ణి. ఎప్పుడు మొదలైందో తెలీదు గానీ, ఆ అమ్మాయంటే నాకు ప్రాణం.

ఆఖరి పేజీ పేరు 'ఇంకా నేర్చుకోవాల్సింది'. నేను టైమ్ మేనేజ్‌మెంట్ అని రాశాను.

"అంతేనా?" అంది.

"అంతే."

'మళ్ళీ రాయి' అని పంపింది. ఆ వారమే నర్సుగా పనిచేసే వాళ్ళమ్మకు వేరే ఊరి ఆసుపత్రికి బదిలీ అయింది, ఆమే వెళ్ళిపోయింది. నా పేజీ అలాగే ఉండిపోయింది.

ఏళ్ళు గడిచాయి. అమ్మ షాపు ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. స్కూలు వాట్సాప్ గ్రూపులో ఆమె కూడా ఉంది, ఎక్కడో వీడియో ఎడిటర్‌గా పనిచేస్తోంది. ఆమెకు 'ఎలా ఉన్నావ్' అని టైప్ చేయడం, చెరిపేయడం నాకో అలవాటైపోయింది.

మొన్న సేవ్ సార్ గ్రూపులో రాశారు. పాత సర్వర్ శనివారం మధ్యాహ్నం ఆపేస్తున్నాం, పోర్ట్‌ఫోలియోలు కావాల్సినవాళ్ళు వచ్చి కాపీ చేసుకోండి అని. 'వస్తున్నా సార్, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోవాలి' అని ఆమె జవాబు. ఆ శనివారం కూడా నోరు విప్పకపోతే ఇక ఈ జన్మకి విప్పనని నాకు తెలిసిపోయింది.

"కాలర్ సరిగ్గా పెట్టుకో," అంది అమ్మ గుమ్మంలో. "ఆ స్టూలు ఇంకా ఖాళీగానే ఉందని చెప్పు."

నేను వెళ్ళేసరికి ఆమె మా పాత సిస్టమ్ ముందు కూర్చుని ఉంది. బయట వాన మొదలైంది.

"ఏమయ్యా కాకుల నాయకుడూ, ఆలస్యంగా వచ్చావే? టైమ్ మేనేజ్‌మెంట్ ఇంకా రాలేదా?"

"ఏం ఇన్‌స్పెక్టరమ్మా, తనిఖీలింకా మానలేదా?"

ఇద్దరం నవ్వాం. తర్వాత కాజా పేజీ తెరిచి, తల పక్కకి తిప్పుకుని వీడియో నొక్కాను.

కాజా లేదు. నా ముఖమూ లేదు. షాపు నేల, ఆమె తడి చెప్పులు, మా అమ్మ మిషన్ పెడలు. వెనక గొంతులు మాత్రం స్పష్టంగా వినబడుతున్నాయి.

"వాణ్ణి టీ తెమ్మని పంపానులే. చెప్పు, మావాడు బాగా చదువుతాడా?"

"చదువు సంగతి అడక్కండి ఆంటీ. కానీ కుట్టేటప్పుడు ఎలా ఉంటాడో! పక్కన మనిషుందనే తెలీదు. ఎంతసేపైనా అలా చూస్తూ కూర్చోవాలనిపించింది."

"అయితే రోజూ రామ్మా."

"వాడితో అనకండి, నెత్తికెక్కుతాడు."

నేను ఆమె వైపు తిరిగాను. ఆమె ముఖం ఎర్రబడింది.

"నువ్వు కుడుతున్నప్పుడు రికార్డే కాలేదు, ఆపుదామని నొక్కితే అప్పుడు మొదలైంది. అప్‌లోడ్ అయ్యాక చూసుకున్నా. అప్పటికే సార్‌కి వెళ్ళిపోయింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీ పేజీ కదా, చూసే ఉంటావనుకున్నా. రోజూ ఎదురుచూశా. నువ్వేమో టైమ్ మేనేజ్‌మెంట్ అని రాశావు." "ఇష్టం లేదేమో, మొహమాటానికి ఊరుకున్నాడేమో అనుకున్నా. ఇన్నాళ్ళూ అదే అనుకున్నా తెలుసా?"

"నేను చూడనే లేదు! నా ముఖం కనబడుతుందని భయపడి..."

"నీ ముఖం తగలెయ్య," అంది కళ్ళు తుడుచుకుంటూ.

కీబోర్డు ముందుకు లాక్కున్నాను. ఆఖరి పేజీ ఇంకా ఆమె ఓకే కోసమే ఎదురుచూస్తోంది. ఉన్నది చెరిపేసి రాశాను. 'ఇంకా నేర్చుకోవాల్సింది: మనసులో మాట మనిషి ఎదురుగా ఉన్నప్పుడే చెప్పడం.'

ఆమె చదివింది. పెదవి కొరుక్కుంది. "బాగుంది. రుజువేది?"

ఫోన్ తీసి నా ముఖానికి ఎదురుగా పట్టుకుంది. సిగ్గుతో చచ్చిపోతూనే ఆ కెమెరాలోకి చూశాను.

"నువ్వంటే నాకు ఇష్టం. అప్పట్నుంచీ ఇష్టం. నువ్వు తిప్పి పంపుతావనే తప్పులు రాసేవాణ్ణి. అమ్మ స్టూలు ఖాళీగా ఉంది, నా పక్కనా ఖాళీయే. వచ్చెయ్."

ఆమె ఫోన్ వైపు చూసింది, నా వైపు చూసింది, మళ్ళీ ఫోన్ వైపు చూసింది.

"రికార్డు కాలేదు."

"ఏంటీ? నీ ఉద్యోగమే అది కదా!"

"ఉద్యోగంలో చెయ్యి వణకదు మరి," అంది కళ్ళనిండా నీళ్ళతో నవ్వుతూ. "మళ్ళీ చెప్పు."

ఆమె చేతిలోని ఫోన్‌కి నా చెయ్యి ఆసరా ఇచ్చి, ఎర్రచుక్క వెలిగిందో లేదో నేనే చూసుకుని, మళ్ళీ చెప్పాను. ఆమె 'ఓకే' నొక్కింది.

"ఏమర్రా," అన్నారు గుమ్మంలోంచి సేవ్ సార్, తాళాలు చేత పట్టుకుని. "ఈసారైనా సేవ్ చేశారా?"