పదిహేడో గడిలో గొడుగు

ఆ రోజు ఎండ మెత్తగా ఉంది. పార్కు బెంచీ మీద కూర్చుని అమ్మమ్మ, మనవరాలు తీరిగ్గా అరటిపళ్లు తిన్నారు. కొలనులో బాతుల్ని లెక్కపెట్టారు. తొమ్మిదేళ్ల మనవరాలు పదకొండంది, అమ్మమ్మ చూడకుండానే ఏడంది. ఆ నీళ్ల వైపు చూసి ఆవిడకి ముప్పై ఏళ్లయింది.

“అమ్మమ్మా, నువ్వు పనిచేసిన లైబ్రరీ అదేగా? తీసుకెళ్లవూ?”

చెప్పడానికి ఈసారి సాకు మిగల్లేదు.

పార్కు చివర మూడంతస్తుల పాత రాతి కట్టడం అది. లోపల అదే వాసన, పాత తోలుదీ కలరా ఉండలదీ. గుమ్మం పక్కన అంకెలు వేసిన చెక్క గళ్ల స్టాండు కూడా అలాగే ఉంది.

“మా అమ్మమ్మ ఇక్కడే గంట కొట్టేది!” అని మనవరాలు కౌంటరు దగ్గర చాటింపు వేసేసింది.

కౌంటరులో అమ్మాయి లేచి నిలబడింది. “మీరు గంటమ్మగారా! మా నాన్న ఇక్కడ వాచ్‌మన్‌గా చేసేవారండీ. ఆ మాస్టారి గొడవలో ఉద్యోగం పోయింది కదా... కన్నుమూసేదాకా ఆయనది ఒకటే మాట. ‘గొడుగులు లేవంది, తాళం వేశాను. ఎక్కడో పొరపాటు జరిగింది. గంటమ్మ అబద్ధమాడే మనిషి కాదు’ అని.”

గంటమ్మ నవ్వబోయింది. నవ్వు రాలేదు. మనవరాలు అప్పటికే మెట్లెక్కి మాయమైపోయింది. ఆవిడ ఒక కుర్చీ చూసుకుని కూలబడింది.

ఆ రోజుల్లో అక్కడో పద్ధతుండేది. వచ్చినవాళ్లు గొడుగులు గళ్లలో పెట్టి లోపలికి వెళ్లాలి. మూసే వేళకి గంటమ్మ చేతిగంట కొడుతూ మూడంతస్తులూ తిరిగి రావాలి. దిగాక గళ్లు చూడాలి. గొడుగుందంటే మనిషున్నట్టే. అన్నీ ఖాళీ అయ్యాకే వాచ్‌మన్‌కి చెప్పాలి.

ఆ వానాకాలం సాయంత్రం బస్సు తప్పిపోతుందని ఆవిడ కింద మెట్టు మీద నిలబడే గంట కొట్టేసింది. పదిహేడో గడిలో నల్ల గొడుగుంది. పిడికి దారం చుట్టిన గొడుగు. ‘ఎవరో మర్చిపోయినట్టున్నారు’ అనుకుంది.

“గొడుగులన్నీ పోయాయా?” అని బయటినుంచి వాచ్‌మన్ అడిగాడు.

“పోయాయి, వేసెయ్యి,” అంది.

తర్వాత వరసగా మూడు రోజులు సెలవు. నాలుగో రోజు తలుపు తీస్తే, మోకాళ్ల నొప్పుల ముసలి మాస్టారు చివరి మెట్టు మీద, తలుపు వైపు చెయ్యి చాపి... జనం పోగయ్యేలోపు గంటమ్మ ఆ గొడుగుని శాలువా చాటున దాచి కొలనులో పడేసింది. విచారణలో మూడంతస్తులూ తిరిగానని, గళ్లన్నీ ఖాళీగానే ఉన్నాయని చెప్పింది. ఆ తర్వాత మాస్టారిని లోపలికి వదిలాడని నేరం వాచ్‌మన్ మీద పడింది. ఆయన భార్య పిల్లలతో ఏడుస్తూ గేటు దగ్గర నిలబడితే, గంటమ్మ పక్క గేటునుంచి ఇంటికి వెళ్లిపోయింది.

ఇప్పటికైనా ఈ అమ్మాయికి చెప్పేస్తే? నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే కరెంటు గంట మోగింది. మూసే వేళయింది.

మనవరాలు రాలేదు.

పై అంతస్తు లైట్లు ఆరిపోయాయి. తర్వాత రెండోది. గంటమ్మ మెట్ల దగ్గరికి పరిగెత్తినట్టే నడిచింది. పైనుంచి తడిబట్టల వాసన, నాచు వాసన. అడుగు చప్పుడు. ఒక మెట్టు... ఆగడం. ఇంకో మెట్టు... ఆగడం.

చీకట్లోంచి మనవరాలు దిగుతోంది. ఎడమ చెయ్యి ఎత్తి పెట్టుకుంది, ఎవరో పట్టుకున్నట్టు. పక్కన ఎవరూ లేరు.

“త్వరగా రావే...”

“తొందరపెట్టకు అమ్మమ్మా,” అని గుసగుసలాడింది పిల్ల. “తాతకి మోకాళ్లు నొప్పి.”

“ఏ... ఏ తాత?”

“గంట విన్నాడట. దిగుతూనే ఉన్నాడట. నువ్వే ఆగలేదట.”

గంటమ్మ పిల్ల కుడిచెయ్యి పట్టి గుంజింది. గుమ్మంలో కౌంటరు అమ్మాయి తాళంచెవితో నిలబడి ఉంది. అచ్చం తండ్రి మొహమే.

“పైన ఇంకెవరూ లేరు కదండీ?”

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. గంటమ్మ పెదాలు కదిలాయి.

“లేరు,” అంది.

అమ్మాయి లైటు ఆర్పబోతూ స్టాండు వైపు చూసింది. పదిహేడో గడిలో నల్ల గొడుగు. పిడికి చుట్టిన దారం పచ్చగా నాచు పట్టి ఉంది. కింద నేలంతా నీళ్లు. బయట వాన చినుకు లేదు.

“ఎవరో మర్చిపోయినట్టున్నారు,” అని ఆ అమ్మాయి తలుపు వేసి తాళం తిప్పింది.

గంటమ్మ వెనక్కి చూడలేదు. పార్కు దారిలో, కొలను పక్కనుంచి, పిల్లని లాక్కుంటూ నడిచింది. గేటు కనబడుతోంది. బస్సు కూడా ఆగి ఉంది.

“నెమ్మదిగా, అమ్మమ్మా...”

గంటమ్మ తల తిప్పి చూసింది. పిల్ల ఎడమ చెయ్యి ఇంకా అలాగే గాలిలో ఎత్తి ఉంది. ఆ వైపు చొక్కా చెయ్యి మోచేతిదాకా తడిసిపోయి, నీళ్లు కారుతున్నాయి.