స్నానాల గది గొళ్ళెం

తువ్వాలు భుజాన వేసుకుని స్నానాల గదిలోకి వెళ్ళిన కూతురు మరుక్షణమే బయటికొచ్చింది.

"అమ్మా, గొళ్ళెం ఏది?"

తల్లి కుట్టుమిషన్ మీంచి తలెత్తలేదు. "తుప్పు పట్టిందని నాన్న తీసేశారు. కొత్తది తెస్తారులే."

"నిన్నటిదాకా బాగానే ఉందిగా!"

"నువ్వు నీళ్ళు పోసుకో. నేనిక్కడే ఉన్నా, ఎవరూ రారు."

ఈ నాలుగు రోజుల్లో తల్లి ఆ మాట అనని గంట లేదు. కూతురు బాల్కనీలో నిలబడితే నేనిక్కడే ఉన్నా, గదిలో చదువుకుంటుంటే నేనిక్కడే ఉన్నా. కుట్టాల్సిన బట్టలు గుట్టలా పడి ఉన్నాయి. సూది ఒకచోట, మనసొకచోట. లోపల నీళ్ళ చప్పుడు వినబడినంతసేపూ ఆమె కాలు మిషన్ మీద ఆడింది. చప్పుడు ఆగగానే కాలూ ఆగింది.

"నత్తమ్మా!"

"ఏంటమ్మా!"

"ఏం లేదు. సబ్బుందా?"

ముప్పయ్యేళ్ళు దగ్గర పడుతున్నా ఆ పిల్ల ఇంట్లో నత్తమ్మే. పళ్ళు తోముకోవడం దగ్గర్నుంచి అన్నీ తాపీగానే చేస్తుంది. ఐదేళ్ళుగా ఒకటే థీసిస్. ఎవరైనా అడిగితే "బౌద్ధం మీద పరిశోధన" అని తల్లి గొప్పగా చెప్పేది గానీ, అందులో ఏముంటుందో ఆమెకు తెలియదు. నాలుగు రోజుల క్రితం తెలిసింది. తెలియకుండా ఉంటే ఎంత బాగుండేదో!

ఆ రోజు దుప్పట్లు ఉతకడానికి తీస్తుంటే దిండు కింద నుంచి ఒక నోటుబుక్కు జారిపడింది. తెరుచుకున్న పేజీలో కూతురి గుండ్రటి అక్షరాలు. 'నేను చనిపోతాను. ఇది ఖాయం. ఇవాళే కావచ్చు. ఈ ఊపిరి ఆఖరిది కావచ్చు. నేను లేని ఈ గదిని చూస్తున్నాను.' కింద తేదీ. తర్వాతి పేజీలోనూ అవే మాటలు, మరో తేదీ.

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పటిదాకా విడివిడిగా కనబడినవన్నీ ఒక్కసారిగా ఒకచోటికి చేరాయి. పిల్ల జాకెట్లు నడుం దగ్గర రెండంగుళాలు వదులయ్యాయి. కుట్టుపని చేసేదాని కంటికి అది టేపు పెట్టకుండానే తెలుస్తుంది. పోయిన వారం లైబ్రరీ పుస్తకాలన్నీ తిరిగిచ్చేసింది. పాత బట్టలు ఎవరికో ఇచ్చేసింది. పోయినేడాది ఒక ట్రస్టు నుంచి ఫెలోషిప్ రాలేదని ఉత్తరం వచ్చినప్పుడు మూడు రోజులు గోడవైపు తిరిగి పడుకుంది. ఈ ఏడాదిది మూడోసారి పెట్టిన దరఖాస్తు. ఇంతకుమించి పెట్టనివ్వరు. ఇదీ రాకపోతే ఫీజు కట్టే దారి లేదు, యూనివర్సిటీలో పేరు కొట్టేస్తారు, ఐదేళ్ళ చదువూ అక్కడితో సరి.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే పోస్టుమాన్ తలుపు తట్టాడు. ఆ ట్రస్టు వాళ్ళు పాతకాలం మనుషులు, ఏదైనా రిజిస్టరు పోస్టులోనే పంపుతారు. కవరు పలచగా ఉంది. పోయినేడాది లేదు పొమ్మన్నదీ ఇలా పలచగానే ఉంది. ఆమె సంతకం పెట్టి కవరు తీసుకుంది. తెరిచే ధైర్యం చాలలేదు. జాకెట్ల కొలతలకు కత్తిరించిన కాగితాలన్నీ పెట్టుకునే సంచీలో దాన్ని అడుగుకు తోసేసింది.

సాయంత్రం భర్తకు చెప్పింది. ఆయన లిఫ్టు మెకానిక్. ఎంత పెద్ద లిఫ్టు ఆగిపోయినా చలించని మనిషి మంచం మీద కూలబడ్డాడు.

"దాన్నే అడుగుదామే."

"అడిగితే అవునంటుందేమోనండీ!"

ఆయన మర్నాడే డ్యూటీ మధ్యాహ్నానికి మార్పించుకున్నాడు. అప్పట్నుంచీ పొద్దున పూట పేపరు అడ్డం పెట్టుకుని కూతుర్నే చూస్తున్నాడు. నిన్న రాత్రి అదీ చాలదనిపించి, స్క్రూడ్రైవర్ వెతికి గొళ్ళెం తీసి జేబులో వేసుకున్నాడు. ఇవాళా పేపరు పట్టుకుని అక్కడే కూర్చున్నాడు.

పదకొండింటికి కూతురి ఫోను మోగింది. తడిజుట్టు తుడుచుకుంటూనే ఎత్తింది. "అవునండీ నేనే... ఏంటీ, నాకొచ్చిందా?" అని ఎగిరి గంతేసినంత పని చేసింది. అంతలోనే ఆ మొహంలో రంగు మారింది. "సోమవారమే పంపారా? ఎవరు తీసుకున్నారు? ఇవాళ ఐదింటికల్లానా?"

ఫోను పెట్టేసి మిషన్ ముందుకొచ్చి నిలబడింది.

"అమ్మా, నా ఉత్తరం ఏది?"

తల్లి చూపు కొలతల సంచీ మీదికి పోయింది.

"సంతకం నీదేనట! ఒప్పుకుంటున్నానని ఆ కాగితం మీద సంతకం పెట్టి ఇవాళ ఇవ్వకపోతే తర్వాతి వాళ్ళకి ఇచ్చేస్తారట. దాచేశావా? ఈ చదువు నీకిష్టం లేకపోతే మొహం మీదే చెప్పొచ్చుగా!"

"ఇష్టం లేకపోవడమేంటే..."

"మరి నా గొంతెందుకు కోశావు?"

"ఆ మాటనకే!" తల్లి గావుకేక పెట్టింది. కుర్చీ వెనక్కి పడింది. గదిలోకి పరిగెత్తి నోటుబుక్కు తెచ్చి బల్ల మీద విసిరింది. "ఇదేంటి? చెప్పు! నువ్వు లేని గదిని నువ్వెలా చూస్తావే? దాన్ని చూడాల్సింది నేను కదూ! పొద్దున్నే నీ గది తలుపు తియ్యాలంటే ముందు దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను. నాలుగు రోజులుగా ముద్ద దిగడం లేదు నాకూ మీ నాన్నకూ."

కూతురు బిత్తరపోయింది. తర్వాత నవ్వబోయింది.

"అమ్మా, ఇది నా థీసిసే! వెనకటికి ఆరామాల్లో భిక్షువులు చావుని రోజూ తలుచుకునేవాళ్ళు. భయం పోగొట్టుకోవడానికి, ఉన్న రోజుని సరిగ్గా చూసుకోవడానికి. అదొక సాధన. అదెలా ఉంటుందో తెలియకుండా రాయలేనని రోజూ కాసేపు నేనూ చేసి రాసుకుంటున్నా, అంతే."

"మరి పుస్తకాలు? బట్టలు?"

"లైబ్రరీ కార్డు గడువైపోయింది. బట్టలు వదులైపోతే ఏం చేసుకోను?"

"వదులెందుకయ్యాయి?" అన్నాడు తండ్రి. పేపరు ఎప్పుడో కింద పడిపోయింది.

కూతురు నోటుబుక్కు తీసుకుని ఒక తేదీ దగ్గర వేలు పెట్టింది. ఆ వేలు అక్కడే ఉండిపోయింది.

"మొదట్లో సాధన కోసమే రాశాను నాన్నా. కానీ పోయిన నెల ఒక రోజు... ఈసారీ రాకపోతే ఏంటని కూర్చుని ఆలోచిస్తుంటే, ఈ మాటలు చదువులా అనిపించలేదు. నిజంగా అనిపించాయి. నా మీద నాకే భయమేసింది. పక్కగదిలో అమ్మ మిషన్ చప్పుడు వస్తోంది. అది ఆగేదాకా కదలకూడదని మంచం పట్టె పట్టుకుని కూర్చున్నా. అమ్మ ఆ మధ్యాహ్నమంతా ఆపలేదు. అలాగే నిద్రపోయాను. అప్పట్నుంచే తిండి సయించడం లేదు."

"చెప్పకూడదటే?" అంది తల్లి.

"చెబితే మీరు భయపడతారని."

తల్లి భోరుమంది. కూతుర్ని రెండు చేతులా పొదివి పట్టుకుంది. వీపు మీద ఎముకలు చేతికి తగిలాయి. తానేదో పిచ్చిగా అపోహపడ్డానని తేలితే చాలని నాలుగు రోజులు మొక్కుకుంది. పూర్తిగా అపోహ కాదని ఇప్పుడు తెలిసింది. అయినా పిల్ల చేతుల్లో ఉంది, వెచ్చగా ఉంది, ఏడుస్తోంది.

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం. నేనూ వస్తా," అంది తల్లి. "డబ్బొచ్చిందిగా, ఇంకెందుకు అనకు."

"అనను," అంది కూతురు.

తండ్రి గోడ గడియారం వైపు చూసి లేచాడు. "ముందా కవరేదో తీస్తే, ఇవాళ డ్యూటీకి సెలవు పెట్టి బండి మీద తీసుకెళ్తాను. మన నత్తమ్మ నడకని నమ్ముకుంటే కొంప మునుగుతుంది."

కొలతల సంచీ బోర్లించారు. ముగ్గురూ నేల మీద కూర్చుని చేతుల, మెడల, నడుముల కాగితాల మధ్య వెతికారు. ఏదో జాకెట్టు వీపు కింద దొరికింది కవరు. లోపల ఒకే ఒక్క కాగితం, సంతకం కోసం గీత. కూతురు సంతకం పెడుతుంటే తల్లి ఆ కాగితం అంచు కదలకుండా పట్టుకుంది.

ఊరి ఆ చివరనున్న ట్రస్టు ఆఫీసులో గంటలకొద్దీ కూర్చుంటే నాలుగున్నరకి రసీదు చేతికొచ్చింది.

ఇంటికొచ్చాక తండ్రి జేబులోంచి గొళ్ళెం తీశాడు. తుప్పు కాదు కదా, గీత కూడా పడలేదు దాని మీద. స్క్రూడ్రైవర్ పట్టుకుని స్నానాల గది తలుపు ముందు కూర్చున్నాడు.

"బిగించెయ్యనా అమ్మా?"

కూతురు తలుపు మీది ఖాళీ స్క్రూ రంధ్రాలని వేలితో తడిమింది.

"ఇప్పుడే వద్దు నాన్నా. కొన్నాళ్ళు అలాగే ఉండనీ."

తల్లి వెళ్ళి మిషన్ ముందు కూర్చుంది. కూతురు తువ్వాలు తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. లోపల నీళ్ళ చప్పుడు, బయట మిషన్ చప్పుడు మొదలయ్యాయి. కాసేపటికి నీళ్ళ చప్పుడు ఆగింది. మిషనూ ఆగింది.

"నేనిక్కడే ఉన్నానమ్మా!" అని లోపల్నుంచి కూతురే కేకేసింది.