గాలిమర ఆగితే

కంఠేశ్వర్‌లోని మా క్లినిక్‌కు వచ్చేవాళ్ల భయాలకు పేర్లు చెప్పడం నా పని. బొత్తాలంటే భయం, గడ్డాలంటే భయం, పొడుగు మాటలంటే భయం... అన్నిటికీ నోరు తిరగని ఇంగ్లీషు పేర్లున్నాయి. పేరు వినగానే 'నా ఒక్కడికే కాదన్నమాట' అని సగం భయం దిగిపోతుంది. ఆ విషయంలో నాకు గర్వం కొంచెం ఎక్కువే ఉండేది.

ఆ సాయంత్రం ఎడపల్లి నుంచి లత అనే ఆమె తన భర్త రాజేందర్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. చెరకు పండిస్తారు. అతని కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"నిద్రపోతలేడు మేడం. మా తోటల నీళ్లు తోడే పాత గాలిమర ఉంది. గాలి పడిపోతే సాలు, నిచ్చెనెక్కి చేత్తోని తిప్పుతడు. ఏదో ఒకనాడు పడి సస్తడు."

"గాలిమరంటే భయమా అన్నా?"

"తిరిగితే ఏం లేదు. ఆగితేనే," అని గొణిగి, లత వైపు చూసి తల దించుకున్నాడు.

దానికీ ఓ పొడుగాటి పేరు చెప్పాను. భయపెట్టే వస్తువును కొంచెం కొంచెంగా అలవాటు చేయడం మా పద్ధతి. కాగితం కత్తిరించి, పెన్సిలుకు గుండుసూదితో గుచ్చి, పిల్లలాడుకునే గాలిమర ఒకటి చేశాను. ఫ్యాను గాలికి గిర్రున తిరిగింది.

"చూడన్నా, ఆపుతున్నా," అని వేలు అడ్డం పెట్టాను.

"ఇయ్యాల బస్సు దొరకకుంటే మా చెల్లె..." అంటున్న లత మాట ఆగింది.

మాట ఒక్కటే కాదు. రెప్ప పడటం లేదు... ఊపిరికి పైట కదలడం లేదు... నా వేలి కింద కాగితం మాత్రం నాడిలా కొట్టుకుంటోంది.

"ఇడిసిపెట్టుండ్రి మేడం..." రాజేందర్ గుసగుసలాడాడు.

విడిచాను. అదే క్షణంలో కరెంటు పోయింది. ఫ్యాను నెమ్మదించింది... ఆగింది. కాగితం కదల్లేదు. లత కూడా కదల్లేదు. రాజేందర్ దాన్ని లాక్కుని ఊదాడు. ఊదాడు... మళ్లీ ఊదాడు... తిరిగింది.

"...ఇంట్ల పండుకుంటం," అని లత మాట పూర్తి చేసింది.

అప్పుడు మా ముఖాలు చూసింది. ఇంకా ఊదుతూనే ఉన్న భర్తను చూసింది. అర్థమైంది కాబోలు, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గిందుకా నువ్వు పండుకోనిది?"

అతని చేతిలోంచి కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టింది. అతను దానికోసం చెయ్యి చాచాడు. ఆమె అరచెయ్యి అతని కళ్లమీద పెట్టింది.

"సాలు. ఇగ పండుకో."

కుర్చీలోనే ఒరిగిపోయాడు. గుర్రు పెడుతున్నాడు. నేనూ లతా చెరో చెయ్యి వేసి అతన్ని నిద్రమత్తులోనే ఆటో దాకా నడిపించాం. ఇద్దరినీ ఎక్కించాను. అతని తల ఆమె భుజం మీద ఉంది. వెనక బండి వెలుగులో ఆమెను మళ్లీ చూశాను. ఊపిరికి పైట కదలడం లేదు.

"మల్ల ఎప్పుడు తోల్కరావాలె మేడం?" అని మామూలుగానే అడిగింది లత.

అలవాటు కొద్దీ, వచ్చే వారం అన్నాను. సరేనని తల ఊపింది.