కర్టెన్ల పేజీలో ఖాళీ గడి

ఉదయం పదకొండింటికి టైలర్‌ని కాల్చేశారు. కత్తెర ఇంకా చేతిలోనే ఉంది. పైగదిలో దాక్కున్న సాక్షి కిటికీలోంచి దూకి, కాలు విరగ్గొట్టుకుని బతికిపోయాడు.

పదకొండున్నరకి చీఫ్ గదిలో బ్రీఫింగ్. ఎదురుగా ఏజెంట్, మారుపేరు కళ్ళజోడు. చనిపోయిన టైలర్ అతనికి సొంత బాబాయ్. ఆయన ఇంటిని సేఫ్ హౌస్ చేసి, ఆయన్ని ఈ పనిలోకి దింపిందీ కళ్ళజోడే.

"మనుషుల్ని దాచే మన సేఫ్ హౌసుల గుట్టు విదేశీ ముఠాకి చేరింది," అన్నాడు చీఫ్. "లీక్ చేసింది సిల్కే. డబుల్ ఏజెంట్ కదా, అటే జారిపోయింది. ముఠా చంపేస్తుందంటూ మన తొమ్మిదో ఇంట్లో దాక్కుంది. అంతా నాటకం! మూడున్నరకి కాపలా తీసేస్తున్నాం. వెళ్ళి ఆమె దగ్గరున్న వైర్‌లెస్ సెట్ తెచ్చెయ్."

"ఆమె కాకపోతే, సర్?"

"ఇంకెవరు? నువ్వా?"

కళ్ళజోడు తల ఊపి లేచాడు. సిగ్గుచేటు, కానీ ఊపాడు.

సేఫ్ హౌసుల లిస్ట్ ఏ బీరువాలోనూ లేదు. అదొక కర్టెన్ల షాపు వెబ్‌సైట్. పన్నెండు ఫొటోలు, పన్నెండు ఇళ్ళ కిటికీలు. ఒక ఇంట్లో మనిషిని దాస్తే ఆ ఫొటో మాయమవుతుంది. అటు వెళ్ళొద్దని మనవాళ్ళకి అదే గుర్తు. ఫొటోలను వరుసగా పేర్చేది లేఅవుట్ లైబ్రరీ అనే రెడీమేడ్ ప్రోగ్రామ్. పేజీ కట్టింది కళ్ళజోడు. ఈ మహానుభావుడు ఫొటోని కంటికి కనబడకుండా చేశాడు గానీ, లైబ్రరీ లెక్కలోంచి తియ్యలేదు. ఫొటో ఉందనుకుని అది పాపం చోటు వదిలేసేది. వరుస మధ్యలో ఖాళీ గడి!

మూడు నెలల కిందటే బాబాయ్ అడిగాడు. "ఒరేయ్, గుడ్డ చాలనట్టు మధ్యలో ఈ ఖాళీ ఏంట్రా?"

"చూస్తాలే బాబాయ్," అన్నాడు. చూడలేదు.

మూడూ నలభైకి లిఫ్ట్ మెకానిక్ వేషంలో తొమ్మిదో ఇంటి తలుపు తట్టాడు.

"లిఫ్ట్ ఎక్కడ ఆగింది?" లోపల్నుంచి ఆడగొంతు.

"ఆగలేదు, అలిగింది."

తలుపు తెరుచుకుంది. ఎదురుగా సిల్క్. లిప్‌స్టిక్ చెక్కుచెదరలేదు. పిస్టల్ మాత్రం అతని గుండెకే గురిపెట్టి ఉంది.

"లీక్ నేనే అనుకుంటున్నారు కదూ?" అంటూ ఫోన్ చూపించింది. "ముఠా వాళ్ళు రోజూ ఈ పేజీ ముందేసుకుని కూర్చునేవాళ్ళు. కర్టెన్లంటే ఇంత మోజేంటా అనుకునేదాన్ని, ఇప్పుడర్థమైంది. వాళ్ళ దగ్గర పన్నెండు ఫొటోలూ ఉన్న పాత కాపీ ఉంది. ఎన్నో గడి ఖాళీగా ఉందో చూసి, ఆ కిటికీలో కనబడే వీధిని పట్టుకుంటారు. ఈ ఖాళీ వదిలిన వెధవ ఎవడో గానీ..."

"నేనే."

సిల్క్ పిస్టల్ దించి కిటికీ వైపు తిరిగింది.

కింద కారు ఆగింది. ముఠా మనుషులు ఇద్దరు దిగారు.

"మెట్లెక్కేముందు పేజీ మళ్ళీ చూస్తారు," గుసగుసగా అంది. "గడి మారితే మనిషి మారినట్టే. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి పోతారు."

టూల్‌బాక్స్ అడుగునుంచి లాప్‌టాప్ తీశాడు. కానీ ముందు ఫోన్ చెయ్యాలి. చీఫ్ నంబరు నొక్కాడు.

"సర్, ఖాళీగా ఉన్న ఐదో ఇంట్లోకి కమాండోలను పంపండి. సిల్క్ తప్పేం లేదు. లీక్ నేనే. బాబాయ్‌ని చంపుకున్నది నేనే."

"పంపుతున్నా," అని చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

తొమ్మిదో ఫొటోని తిరిగి చూపిస్తే ఇల్లు ఖాళీ అనుకుని మనవాళ్ళే వచ్చి ఇరుక్కుంటారు. అందుకే దాన్ని లైబ్రరీ లెక్కలోంచే తీసేశాడు. ఐదో ఫొటోని మాత్రం తన పాత తప్పు పద్ధతిలోనే దాచాడు. పేజీ తెరిచాడు. తొమ్మిదో గడి ఇంకా ఖాళీగానే ఉంది!

"వస్తున్నారు!" అంది సిల్క్.

అప్పుడు గుర్తొచ్చింది. తీస్తే చాలదు, మళ్ళీ పేర్చమని లైబ్రరీకి విడిగా చెప్పాలి. చెప్పాడు. ఫొటోలు జరిగి తొమ్మిదో గడి మూసుకుంది. గేటు దగ్గర ఒకడు ఫోన్ చూసి చెయ్యెత్తాడు. ఇద్దరూ గిర్రున తిరిగి కారెక్కారు.

ఐదో ఇంట్లో కమాండోలు వాళ్ళకోసం కుర్చీలేసుకుని కూర్చున్నారు.

సాయంత్రం చీఫ్ పేజీని చాలాసేపు చూశాడు. బాబాయ్ ఇంటి కిటికీ ఫొటో మళ్ళీ కనబడుతోంది. ఆ కర్టెన్ ఆయన కుట్టిందే. ఇల్లు ఇప్పుడు నిజంగానే ఖాళీ.

"ఆ గడి సరిచెయ్యడానికి ఎంతసేపు పట్టిందోయ్?"

కళ్ళజోడు లాప్‌టాప్ మూశాడు.

"మూడు నెలలా రెండు నిమిషాలు, సర్."